మహబూబ్ అలీ పాషా – ఇల్లు పోయినవారికి తెరిచిన మహలు

సావనీరు అచ్చుకు పోయే ముందు సెక్రటరీగారు మా దగ్గరకు రావడం, ఒక పెద్దమనిషి జీవితం వ్రాసి ఇమ్మనడం, మేము ఉర్దూలో వ్రాసి ఇస్తామంటే, కాదు మాస్టర్ సాబ్, ఇళ్ళలో పిల్లలు తెలుగే చదువుతున్నారు, తెలుగులోనే కావాలనడం ప్రతి ఏడూ జరిగేదే. మేము ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియం బడిలోనే పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ళము. మా తెలుగులో తప్పులుంటే పెద్ద మనసు చేసుకొని సర్దుకోవలెను.

ఈసారి హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌గారిని గురించి వ్రాయదలచినాము. నరసరావుపేట, మాచర్ల, గురజాల వాళ్ళకు నిజాం కథ ఎందుకు, మన పల్నాడు ఆయన రాజ్యంలోది కాదు గదా అని కొందరు అనవచ్చును. నిజమే. ఆయన రోజుల్లో కృష్ణకు అవతల ఒడ్డు నిజాముది, ఇవతల ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంగ్లీషువారిది. కాని ఒక సంగతి గుర్తు చేస్తాము. హైదరాబాదు మధ్యగా పారే మూసీ నది నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లికి ఎదురు ఒడ్డున ఉన్నది మన పొందుగల. దాచేపల్లి దాటి హైదరాబాదు బస్సులో పోయేవాళ్ళు ఆ వంతెన మీదుగానే పోతారు. 1908లో హైదరాబాదులో వేల ఇళ్ళను ఊడ్చుకుపోయిన నీళ్ళు చివరికి చేరింది మన ఒడ్డుకే. మేము ఆ వంతెన దాటినప్పుడల్లా ఈ మాట అనుకుంటూ ఉంటాము.

మహబూబ్ అలీ ఖాన్‌గారు 1866 ఆగస్టులో పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో చనిపోయినారు. అప్పటికి ఈ పిల్లవాడికి రెండున్నర ఏళ్ళు. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలు సరిగా మాటలే పలకరు, ఆయన్ని తీసుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. రాజ్యం నడిపింది సాలార్ జంగ్‌గారు, అమీర్-ఎ-కబీర్‌గారు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ చెప్పడానికి మౌల్వీలు, ఇంగ్లీషు చెప్పడానికి కెప్టెన్ జాన్ క్లార్క్ అనే దొర. తండ్రి లేడు, ఈడు పిల్లలతో గల్లీలో ఆడుకునే యోగం లేదు. చుట్టూ సలాములు కొట్టేవాళ్ళే. 1883లో సాలార్ జంగ్‌గారు కూడా పోయారు. మరుసటి ఏడు, 1884 ఫిబ్రవరిలో, వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదు వచ్చి, ఆయనకు పూర్తి అధికారం అప్పగించినారు. అప్పటికి పద్దెనిమిది ఏళ్ళు కూడా నిండలేదు.

ఉర్దూ టీచరుగా మేము ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. రాజ్యంలో కచ్చేరీ భాషగా ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది ఆయన కాలంలోనే. ఆయన స్వయంగా ఆసిఫ్ అనే తఖల్లుస్‌తో కవిత్వం చెప్పేవారు. ఢిల్లీ నుంచి వచ్చిన దాగ్ దెహ్లవీని ఉస్తాదుగా పెట్టుకున్నారు. దాగ్‌గారు 1905లో హైదరాబాదులోనే కన్నుమూశారు. మహబూబ్‌నగర్ పేరు, మహబూబాబాద్ పేరు ఈయనవే. క్లోరోఫారం ఇచ్చి ఆపరేషన్లు చేయడం క్షేమమా కాదా అని తేల్చడానికి 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాదులో డాక్టర్ల కమిషన్లు కూర్చున్నాయి. రెండోసారి ఖర్చు నిజాం ప్రభుత్వమే పెట్టింది. ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. పిల్లలు చదువుకోగలరు.

మంచి ఒక్కటే వ్రాస్తే అది జీవితం కాదు, సన్మాన పత్రం అవుతుంది. మహబూబ్ అలీ పాషాకు విలాసం ఎక్కువ. పురానీ హవేలీలో ఆయన బట్టలు పెట్టుకున్న చెక్క బీరువాలు రెండు అంతస్తులలో ఒక పొడుగాటి హాలు నిండా ఈ రోజుకూ ఉన్నాయి. మ్యూజియం చూడబోయి మేము ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి కాళ్ళు నొప్పి పుట్టి వచ్చాము. ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడగలేదని జనం చెప్తారు. జాకబ్ అనే వ్యాపారి దగ్గర 1891లో వజ్రం బేరం చేశారు. 184 కారెట్ల పైన తూకం. ఆ బేరం కాస్తా కోర్టుకెక్కింది. అంత పెద్ద దొర కమిషన్ ముందు సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది. ఆ చిరాకుతో వజ్రాన్ని ఒక మూల పడేస్తే, ఆయన పోయిన చాలా రోజులకు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది ఒక జోడు మొనలో దొరికిందట. ఇప్పుడది భారత ప్రభుత్వం ఆస్తి. వేటకు పోయి పులుల్ని కొట్టడం, తాగుడు, రాత్రి తెల్లవార్లూ మేల్కొని పగలు పడుకోవడం, ఫైళ్ళు నెలల తరబడి ఆగిపోవడం, ఇవి కూడా ఉన్నవే. మా క్లాసులో ఒక కుర్రవాడు లేచి, సార్, మరి ఆయన్ని మంచి రాజు అని ఎందుకంటారు అని అడిగాడు. ఆ ప్రశ్నకు మేము ఆ రోజు సరైన జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఆ కుర్రవాడికి జవాబు అనుకోవచ్చును.

1908 సెప్టెంబరు చివర. రంజాన్ నెల అప్పుడే ప్రవేశించింది. ఆదివారం నుంచి వాన పట్టుకుంది. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12 అంగుళాలకు పైగా, రెండు రోజుల్లో సుమారు 19 అంగుళాలు కురిసింది. మన వైపు సంవత్సరమంతా కలిపి కురిసే వానలో సగానికి పైన అన్నమాట. మూసీకి పైన చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. ఒకటి నిండితే దాని అలుగు నీళ్ళు కింద చెరువుకు. ఇది మంచి ఏర్పాటే, కాని పైది తెగితే కిందది ఆగదు. ఆ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగినాయి. సెప్టెంబరు 28, సోమవారం, తెల్లవారేసరికి ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా పట్నం మీద పడ్డాయి.

అఫ్జల్‌గంజ్ వంతెన, ముస్లిం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మునిగి దెబ్బతిన్నాయి. ఏటి ఒడ్డున ఉన్న పెద్ద ఆస్పత్రి రోగులతో సహా నీటిపాలైంది. కోల్సావాడి అనే పేట తుడిచిపెట్టుకుపోయింది. పేట్లా బురుజు దగ్గర కోట గోడ మీద నిలబడి ప్రాణం దక్కిందనుకున్నవాళ్ళు ఆ గోడతోపాటే కూలిపోయారు. అఫ్జల్‌గంజ్ తోటలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్నది. ఆస్పత్రికి పోయినప్పుడు ఎవరినడిగినా చూపిస్తారు. చనిపోయినవారు సుమారు 15,000 మంది అని చెప్తారు. పట్నం జనాభా అప్పటికి నాలుగున్నర లక్షలు. అందులో నాలుగో వంతుకు నిలువ నీడ లేకుండా పోయింది.

మా ఉర్దూ వాళ్ళకు అమ్జద్ హైదరాబాదీ పేరు చెప్పనక్కరలేదు. రుబాయీలు వ్రాయడంలో దక్షిణాదిలో ఆయనంతటివాడు లేడు. ఆ రోజు ఆయన కళ్ళ ముందే తల్లి, భార్య, కూతురు ముగ్గురూ కొట్టుకుపోయారు. ఆయన ఒక్కరే మిగిలారు. 1961 దాకా బ్రతికారు. ఇల్లు పోవడమంటే నాలుగు గోడలు, ఒక కప్పు పోవడం అనుకుంటాము. ఆయన కవిత్వం పాఠం చెప్పేటప్పుడు మా నోట మాట రాదు. పిల్లలు మాకు జలుబు చేసిందనుకుంటారు.

ఇప్పుడు రాజు సంగతి. అటువంటి సమయంలో ఆయన వంటి మనిషి ఫలక్‌నుమా కొండ మీద కూర్చుంటే ఎవరు అడుగుతారు? దివాన్ కిషన్ పర్షాద్‌గారు ఉన్నారు, కొత్వాలు ఉన్నాడు, ఫౌజు ఉన్నది. కాని ఆయన తన పంచ్ మహల్లా మహలు ద్వారాలు తెరిపించారు. తడిసిన బట్టలతో, బురద కాళ్ళతో, చంటిబిడ్డల్ని భుజాన వేసుకొని వచ్చినవాళ్ళు లోపలికి పోయారు. ఊళ్ళో చాలా చోట్ల వంటశాలలు పెట్టించి అన్నం పెట్టించారు. రాజు తలుపు తీసిన తరువాత అమీర్లు తమ దేవిడీల తలుపులు మూసుకొని కూర్చోలేరు గదా, వాళ్ళూ తీశారు. సరోజినీ నాయుడుగారు సహాయ కార్యక్రమాల్లో పని చేసినారు.

ఇంకొక కథ కూడా చెప్తారు. మూసీ శాంతించాలంటే రాజే స్వయంగా పూజ చేయాలని పండితులు చెప్పగా, ఆయన ధోవతి కట్టుకొని ఏటి ఒడ్డుకు పోయి, పళ్ళెంలో చీర, ముత్యాలు పెట్టి నదికి సమర్పించారట. హిందువులు చెప్తారు, ముస్లిములూ చెప్తారు. మేము దీన్ని జనం నోట నిలిచిన కథగానే వ్రాస్తున్నాము. మనవాళ్ళలో కొందరు పెద్దలకు ఈ కథ నచ్చదు, మాకు తెలుసు. కాని జనం ఒక మనిషిని గురించి ఇటువంటి కథ కల్పించినా కూడా, అది ఆ మనిషి మీద వాళ్ళకున్న నమ్మకం కొద్దీ కల్పించినదే గదా. తమ దుఃఖం కోసం ఆయన ఏమైనా చేస్తాడని వాళ్ళు నమ్మారు. అన్నట్టు, ఆయనకు పాము మంత్రం వచ్చునని కూడా నమ్మేవారు. పాము కరిచినవాళ్ళు వస్తే ఏ వేళప్పుడైనా నిద్ర లేపవచ్చునని ఆయన హుకుం ఇచ్చారని చెప్పుకునేవారు. మంత్రం సంగతి ఎలా ఉన్నా, మన పల్నాడులో పాము కరిస్తే మాత్రం తిన్నగా ఆస్పత్రికి పోవలెను, ఆలస్యం చేయకూడదు.

మహలు తెరవడం అనేది వినడానికి చాలా తేలికగా ఉంటుంది. మేము బడిలో వరద బాధితులను ఉంచినప్పుడు చూసినాము, అనుభవం మీద చెప్తున్నాము. మొదటి రాత్రి అందరూ మంచివాళ్ళే. ఎవరో బియ్యం తెస్తారు, ఎవరో దుప్పట్లు తెస్తారు. రెండో రోజుకు నీళ్ళు, దొడ్డి సంగతి వస్తుంది. ఆడవాళ్ళకు చాటు కావాలి, బాలింతకు వేరే గది కావాలి. మూడో రోజుకు ఎవరి చెంబో కనపడదు, తగాదా. వారం తిరిగేసరికి తలుపు తీసినవాళ్ళకే విసుగు పుడుతుంది. వీళ్ళింకా పోరేమిటి అని ముఖం మీద అనకపోయినా, అనుకుంటారు. వచ్చినవాళ్ళకు అది తెలుస్తుంది. ఇల్లు లేని మనిషికి ఎదుటివాడి ముఖం చదవడం బాగా వస్తుంది. కనుక తలుపు తీసిన గంటనే కాదు, తీసి ఉంచిన రోజులన్నీ లెక్కలోకి తీసుకోవలెను.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పకపోతే ఇదంతా వ్రాసే అర్హత మాకు లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక తుఫాను రాత్రి. సున్నపు బట్టీలో పని చేసే ఒక కుటుంబం, మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ, గుడిసె కూలిపోయి మేము పని చేసే బడి వరండాలోకి వచ్చారు. జల్లు లోపలికి కొడుతున్నది. ఆ రోజు తాళంచెవి మా జేబులోనే ఉన్నది. ఆ మనిషి మమ్మల్ని సార్ అన్నాడు, అయ్యా అన్నాడు, చివరికి బాబూ అన్నాడు. మేము రికార్డులున్నాయి, పైవాళ్ళ ఆర్డరు లేనిదే గది తీయకూడదు, రేపు ఏదైనా పోతే మా ఉద్యోగానికొస్తుంది అని చెప్పి గొడుగు వేసుకొని ఇంటికి వచ్చేశాము. ఇంటికొచ్చి అన్నం తిన్నాము కూడా. తెల్లవారి పోయి చూస్తే వరండాలో ఎవరూ లేరు. టీ కొట్టతన్ని అడిగితే, రాత్రంతా బస్సు షెల్టరు కింద నిలబడి, ముసలమ్మను మధ్యలో పెట్టుకొని, మొదటి బస్సుకు పిడుగురాళ్ళ వైపు పోయారని చెప్పాడు. ఆర్డరు లేదన్న మాట అబద్ధం కాదు. ఏ ఆఫీసరూ మమ్మల్ని తప్పు పట్టలేదు. ఇంటి ఆవిడ మాత్రం విని, రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

మహబూబ్ పాషాకు ఆర్డరు ఇచ్చేవాడు ఎవడూ లేడు గనుక తెరిచాడు, అందులో గొప్పేమిటని మొదట్లో మేము సమాధానం చెప్పుకునేవాళ్ళము. తరువాత ఆలోచిస్తే, తెరవమని ఆర్డరు ఇచ్చేవాడూ లేడు గదా అనిపించింది.

వరద తీసిన తరువాత ఆయన ప్రభుత్వం చేసిన ఇంకొక పని కూడా ముఖ్యమైనది. మళ్ళీ ఇళ్ళు కట్టుకుంటే మళ్ళీ కొట్టుకుపోకుండా ఏం చేయాలన్నది ప్రశ్న. బొంబాయి సర్కారు నౌకరీ విడిచి విదేశాలు తిరుగుతున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన 1909లో వచ్చి కొన్ని నెలలుండి, వానల లెక్క, చెరువుల లెక్క అన్నీ తీసి, పట్నానికి పైన రెండు పెద్ద జలాశయాలు కట్టాలని రిపోర్టు ఇచ్చారు. అవే గండిపేట ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయినాయి. మహబూబ్ అలీ పాషా అవి చూడలేదు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో కన్నుమూశారు. వయసు 45 ఏళ్ళే. మేము ఇప్పుడున్న వయసు. మక్కా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉన్నది. కొడుకు కాలంలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు పేటలు తీసివేసి, పేదలకు అద్దె ఇళ్ళు కట్టించారు. సరూర్‌నగర్‌లో దిక్కులేని పిల్లల కోసం పెట్టిన విక్టోరియా మెమోరియల్ అనాథాలయం మాత్రం మహబూబ్ పాషా కాలంలోదే. వరదకు ముందే ఆయన రాజ్యంలో ఆ ఆలోచన ఉన్నదని దాన్నిబట్టి తెలుస్తున్నది.

జలాశయాలు వచ్చాయి గదా అని మూసీ ఊరుకోలేదు. 2025 సెప్టెంబరులో మన పల్నాడు బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీళ్ళు వచ్చి, ప్రయాణికులను బయటకు తీయవలసి వచ్చింది. ఆ బస్‌స్టేషన్ మూసీ నడుమనే ఉన్నదని మనవాళ్ళు చాలామందికి ఆ రోజే తెలిసింది. మన సముద్రపు ఒడ్డున 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టాలన్న బుద్ధి అందరికీ పుట్టింది ఆ తరువాతనే.

వరద వస్తేనే ఇల్లు పోతుందని కాదు. కొడుకులు బయటకు పంపినవాళ్ళు, పని కోసం వచ్చి పని దొరకనివాళ్ళు, మతి చలించినవాళ్ళు ఏ ఊరి బస్టాండులోనైనా, రైలు స్టేషన్లోనైనా రాత్రి పదింటికి పోతే కనపడతారు. దీనికి ప్రభుత్వ నియమాలు కూడా వచ్చాయి. 2010లో సుప్రీంకోర్టు, చలికి చచ్చిపోయేవారి విషయం విచారించి, పట్నాల్లో రాత్రి ఆశ్రయాలు పెట్టాలని గట్టిగా చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండవలెనని నియమం పెట్టారు. ఒక్కొక్క మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండవలెనన్నారు. ఆశ్రయం రాత్రీ పగలూ తెరిచి ఉండవలెనన్నారు. మన నరసరావుపేట జనాభా 2011 లెక్కల్లోనే లక్ష దాటింది. ఆ 50 అడుగుల లెక్క చూసినప్పుడు మేము చాక్‌పీసు తీసుకొని మా క్లాసురూము నేల మీద గీసి చూసినాము. పది అడుగులు పొడవు, అయిదు అడుగులు వెడల్పు. ఒక మంచం, ఒక పెట్టె, పక్కన చెప్పులు విడవడానికి చోటు. మా క్లాసురూములో పన్నెండు మంది పడతారు.

మన షాదీఖానాలు ఏడాదిలో పెళ్ళిళ్ళున్న రోజులు తీసివేస్తే మిగిలిన రోజులన్నీ తాళం వేసి ఉంటాయి. కట్టినప్పుడు మనమంతా తలా ఇంత వేసుకొని, కొందరు ఆడవాళ్ళు చేతి గాజులు ఇచ్చి కట్టుకున్నవే. అద్దె డబ్బులతోనే పిల్లల స్కాలర్‌షిప్పులు నడుస్తున్నాయి గనుక, పెళ్ళి రోజున ఇబ్బంది కాకూడదన్నది న్యాయమైన మాటే. మేము మొత్తం హాలు ఇమ్మని అడగడం లేదు. వెనక వంటశాల పక్కనున్న గది, దానికి కుళాయి ఉన్నది, దొడ్డి ఉన్నది. తుఫాను రోజుల్లో, డిసెంబరు చలిలో, ఏ మతం వాళ్ళనైనా, ఆధార్ కార్డు ఉన్నదా లేదా అని అడగకుండా మూడు రాత్రులు ఉండనిచ్చి, ఆ లోపల మునిసిపాలిటీ వాళ్ళతోనో, వాళ్ళ బంధువులతోనో మాట్లాడవచ్చును. గోనెపట్టాలు, నాలుగు దుప్పట్లు మేము ఇస్తాము.

వచ్చే జనరల్ బాడీలో ఈ విషయం పెట్టమని సెక్రటరీగారికి చీటీ ఇచ్చినాము. ఆయన చదివి, బాగానే ఉన్నది మాస్టర్ సాబ్, కాని అర్ధరాత్రి వస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగారు. మా ఇల్లు షాదీఖానాకు నాలుగిళ్ళ అవతలనే, మా దగ్గర పెట్టండి అని చెప్పినాము.